తాబేలుకు ఖురూజ్

నా చిన్నప్పుడు జెద్దాలో మా ఇల్లంటే రెండు గదులు, ఎప్పుడూ మూసే ఉండే ఒక కిటికీ. నాన్న చేపల కంపెనీకి ఐసు బండి నడిపేవాడు. బడి తప్ప బయటి లోకం తెలియని నాకు శుక్రవారం ఆ బండెక్కి రేవుకు వెళ్లడమే పండగ.

మా కింది గదిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మామ ఒకాయన ఉండేవాడు. రొయ్యల పడవ మీద పని. ఊళ్లో వాళ్లమ్మ మంచం పట్టింది. వెళ్లాలంటే ఆయన్ని పనిలో పెట్టుకున్న కఫీల్ ఖురూజ్ ఇప్పించాలి. ఆ ముద్ర పడనిదే దేశం దాటనివ్వరు. రొయ్యల సీజన్ అయ్యాక చూద్దామని కఫీల్ నాన్చుతున్నాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే మాట.

ఒక శుక్రవారం వాళ్ల పడవలో వల విప్పితే రొయ్యల మధ్య పెద్ద తాబేలు కనిపించింది. మెడ వాలిపోయింది. ఊపిరాడక చచ్చిందన్నారెవరో. నీళ్లలో బతికేది నీళ్లలో ఎలా చస్తుందని నేను వాదానికి దిగాను.

"అదీ మనలాగే గాలి పీల్సుకోవాల గదమ్మా. పైకి రానీకుండా వల్లో ఈడ్సుకొస్తే ఏటి సేస్తాది?" అన్నాడు మామ.

లోపల చేరిన నీళ్లు కారిపోవాలని దాని వెనక భాగం ఎత్తుగా ఉండేలా కింద తాళ్ల చుట్ట పెట్టి, తడిగుడ్డ కప్పి, పక్కనే కూర్చున్నాడు. వలలో దానికొక తలుపు కుట్టొచ్చట. రొయ్యలు లోపలే ఉంటాయట, తాబేలు తన దారి చూసుకుంటుందట. ఆ మాటెత్తితే, రొయ్యలు జారిపోతాయని పడవ నడిపించే పెద్దాయన కసురుకునేవాడట.

మధ్యాహ్నం దాటాక తాబేలు తలెత్తి బుస్సుమని ఊపిరి వదిలింది. నేను గంతులేశాను. దాన్ని మెల్లగా నీళ్లలోకి జార్చారు.

"మామా, దానికి ఖురూజ్ కొట్టేసినారా?" అని అరిచాను. రేవులో తెలుగు వచ్చినవాళ్లంతా నవ్వారు. మామ కూడా నవ్వబోయి, భుజం మీది తుండుతో మొహం కప్పుకున్నాడు.

ఆయన ఖురూజ్ సీజన్ అయ్యాకే వచ్చింది. అప్పటికి వాళ్లమ్మ లేదు.

ఇప్పుడు మా అబ్బాయికి ఇక్కడ జెద్దాలోనే చిన్న హోటలుంది. పనివాళ్లెవరైనా ఊరెళ్తామంటే, రంజాన్ సీజన్ పోనీ అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. టికెట్ తీసేదాకా వాడి ప్రాణం తోడేస్తాను. ముసలి చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. తాబేలు వదిలిన ఆ ఊపిరి నాకింకా వినిపిస్తుంది. దాని పక్కనే మొహం కప్పుకున్న మామ కనిపిస్తాడు. ఆయనకు వేళకు ఎవరూ తలుపు తీయలేదు.