ఒక్క గీత సౌండు

ఆ ఇంట్లో టీవీకి నోరు లేదు. బొమ్మ నిక్షేపంగా వచ్చేది, సౌండు మాత్రం సున్నా దగ్గర ఉండాల్సిందే. అమ్మ రాత్రంతా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర నిలబడి, పగలు లోపలి గదిలో పడుకునేది. కిందటేడు నిద్ర చాలక డ్యూటీలో ఒక్క క్షణం కునుకు పట్టింది, చిటికెన వేలి కొస పోయింది. చెయ్యి మొత్తం పోలేదు, అదృష్టం అన్నారు అందరూ. అలాంటి అదృష్టం పగవాళ్లకు కూడా వద్దు. అప్పటినుంచి నాన్న కాలింగ్ బెల్లు తీగ పీకేశాడు, గిన్నెల కింద గుడ్డలు పరిచాడు, లోపలి తలుపు సందులో పాత చొక్కా కుక్కాడు. పన్నెండేళ్ల కూతురికి తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తడం అలవాటైపోయింది.

నాన్న స్కూలు వ్యాను డ్రైవరు. పిల్లలందరినీ దింపేసి, కూతురితో పాటు ఇంటికొచ్చి, అమ్మ లేచేదాకా టీవీ ముందు కూర్చునేవాడు. సౌండు లేని లోటు తనే తీర్చేవాడు. వార్తలు చదివే ఆవిడ పెదవులు కదుపుతుంటే, కూతురి చెవిలో గుసగుసగా, “మా ఆడపడుచు గొడుగు పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలేదండీ” అనేవాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక దిండు కొరికేది.

ఒక సాయంత్రం తెర మీదికి ఒక రాక్ బ్యాండు వచ్చింది. నలుగురు. ముగ్గురిని పిల్ల చూడనే లేదు. వెనకాల చొక్కా చేతులు పైకి మడిచి డ్రమ్ములు వాయించే అమ్మాయినే చూసింది. ఎవరి నిద్ర పాడవుతుందోనన్న బెంగ లేకుండా బాదుతోంది ఆ అమ్మాయి. నాన్న ఎప్పటిలా మాటలు అల్లబోయి ఆగిపోయాడు.

“దీనికి నాకు మాటలు రావట్లేదే బుజ్జీ.”

వారం వారం అదే టైముకు వాళ్లు వచ్చేవారు. కర్రలు ఎప్పుడు ఎక్కడ పడతాయో పిల్లకు కంఠతా వచ్చేసింది, చప్పుడు మాత్రం తెలియదు. చివరికి ఒకరోజు ఉండబట్టలేక నోరు విడిచి అడిగేసింది.

“ఒక్కసారి సౌండు పెట్టు నాన్నా. ఒక్క గీతే.”

నాన్న లోపలి తలుపు వైపు చూశాడు. “లేచిందంటే?”

“లేవదు.”

“లేచి, మళ్లీ నిద్ర పట్టకపోతే? రాత్రికి ఆ మిషను దగ్గర...”

పిల్ల తల దించుకుంది. అడగకూడనిది అడిగానని తెలుసు, అయినా కావాలనే ఉంది. ఆ మొహం చూసి నాన్న మెత్తబడ్డాడు. మెత్తబడటం ఆయన పుట్టుబుద్ధి, వ్యానులో పిల్లలు ఆయన్ని ఆడించేది అందుకే. రిమోట్ నొక్కాడు. తెర అడుగున ఒక్క పచ్చ గీత.

ఆ ఒక్క గీతకు కూర్చున్న చోటికి ఏమీ వినపడదు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని స్పీకరుకు చెవులు ఆనించారు. వింటే చూడలేరు, చూస్తే వినలేరు. గిటారు గీరుతోంది, దాని కింద డ్రమ్ము. తను ఊహించుకున్న దానికన్నా నెమ్మదిగా, బరువుగా ఉంది. పిల్ల ఒళ్లు ఝల్లుమంది. దెబ్బ పడే చోట ఒళ్లు మరిచి, టీవీ బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టేసింది.

లోపల మంచం కిర్రుమంది.

నాన్న సౌండు ఆపేశాడు. గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడింది.

“నావల్లేనమ్మా, నాన్న తప్పేం లేదు,” అంది పిల్ల ఏడుపు గొంతుతో. “పడుకోమ్మా. ఇంకా టైముంది, పడుకో.”

అమ్మ కళ్లలో నిద్రమత్తు లేదు. జుట్టు కూడా చెదరలేదు.

“నిద్రపోతే కదా లేవడానికి,” అంది. “వేలు తెగినప్పటినుంచీ అంతే. కన్ను మూతపడితే చాలు, మిషను కత్తి నా మీదికి దిగుతున్నట్టే ఉంటుంది. మీరిద్దరూ నా కోసం ఇంత అవస్థ పడుతుంటే చెప్పబుద్ధి కాలేదు.”

నాన్న గబుక్కున లేచాడు. “అయితే ఇన్నాళ్లూ... నిద్ర లేకుండానే డ్యూటీకి...”

అమ్మ ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుంది. “పాపం, పిల్ల అడిగింది కదా. విననివ్వండి.”

గీతలు వరసగా పెరిగాయి. పాట ఇల్లంతా మోగింది. పిల్లకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. పరిగెత్తుకెళ్లి అమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

“ఇవాళ వెళ్లొద్దమ్మా!” అని అరిచింది, డ్రమ్ములను మించి, ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తనంత గొంతెత్తి.