కుర్చీ వీపున ఒక పేరు

సోమవారం పొద్దున ఆఫీసులో మీటింగ్ నడుస్తుండగా మా బాపు ఫోన్ చేశాడు. "మీ అత్తమ్మ పోయింది బిడ్డా. చాయ తాగింది, కప్పు కింద పెట్టింది, అట్లనే గోడకు ఒరిగింది." గచ్చిబౌలి నుంచి మొయినాబాద్‌కు బండి మీద వస్తుంటే దుఃఖంతో పాటు ఒక నిమ్మళం కూడా వెంట వచ్చింది. ఒక్కపూట కూడా ఎవరి చేతా సేవ చేయించుకోకుండా పోయింది. మామను అన్నేళ్లు సాకిన మనిషికి అట్లాంటి చావు న్యాయమే అనిపించింది.

మా మేనత్తకు పిల్లలు లేరు, టెంట్ హౌస్ ఉండేది. చేవెళ్ల దాకా ఎవరింట పెండ్లయినా, చావయినా షామియానా, గంగాళాలు, కుర్చీలు ఆమెవే పోయేవి. అంతకుముందు దుకాణం నడిపింది మామ. ఒక ఎండాకాలం ఆయన వేళ్లకు షామియానా తాడు ముడి పడలేదు. తర్వాత గ్లాసు పట్టు దొరకలేదు. ఆ తర్వాత మాట పోయింది. నరాలు ఒకటొకటిగా చచ్చిపోయే జబ్బు. మందు లేదు, పరిశోధన జరుగుతోంది అన్నాడు పట్నంలో పెద్ద డాక్టరు. ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. అత్తమ్మ మాత్రం, "ఎవలు చేస్తున్నరు సారూ? ఆళ్లకేం తక్కువున్నది?" అని అడిగిందట.

"అన్నీ తక్కువేనమ్మా, ముందు పైసలు," అని నవ్వాడట ఆయన.

మామ బతికున్నన్నాళ్లూ ఆ పరిశోధన వాళ్లకు నెత్తురు నమూనాలు ఇచ్చాడు. "అది ఆయన చందా. ఇగ నా చందా నేనియ్యాలె," అనేది అత్తమ్మ.

మామ పోయాక ఇల్లిల్లూ తిరిగింది. గుడికి, బడికి ఇచ్చే చేతులు దీనికి ముడుచుకున్నాయి. రోగం పేరు మీద పైసలిస్తే ఆ రోగం మన ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని కొందరి భయం. ఎదురింటి పటేల్ అయితే అందరి ముందూ ఎగతాళి చేశాడు. "గుడికి ఫ్యానిస్తే రెక్క మీద పేరు రాస్తరక్కా. నీ పరిశోధనకిస్తే ఏడ రాస్తరు, నరం మీదనా?"

మేమంతా నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు. నాలుగో రోజు ఆయన అరుగెక్కింది.

"పటేలా, నువ్వొక కుర్చీ కొనియ్యి. మీ ఇంట్ల పోయినోళ్ల పేరు దాని ఈపు మీద రాయిస్త. కుర్చీ నా కాడనే ఉంటది. కిరాయికి పోయినప్పుడల్ల ఆ కిరాయి ప్రయోగశాలకు పోతది. గుడి ఫ్యాను గుడిలనే తిరుగుతది. నీ కుర్చీ మండలమంత తిరుగుతది, చూస్కో."

పటేల్ రెండు కొన్నాడు, వాళ్లమ్మకొకటి, నాయనకొకటి. ఆయన కొన్నాక ఊరు ఊరుకుంటుందా? నీలం కుర్చీల మీద తెల్ల రంగుతో పేర్లు పెరుగుతూ పోయాయి. కీర్తిశేషులు అనే మాట మాత్రం రాయనివ్వలేదు. "పెండ్లిల అదెందుకు, ఉత్త పేరు చాలు. పిలిస్తే పలికేటట్టుండాలె," అనేది.

పొలాలు ఫామ్‌హౌసులవుతున్న రోజులవి. ప్లాట్లు అమ్మేవాళ్ల సభలకు, ఇంజనీరింగ్ కాలేజీల ఫ్రెషర్స్ పార్టీలకు, సాఫ్ట్‌వేర్ కంపెనీల విందులకు ఆ కుర్చీలు పోయేవి. నా కాలేజీ పార్టీలో ఎవరి తాత పేరుకో ఆనుకుని నేనూ ఐస్‌క్రీం తిన్నాను.

అంతలో ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. వాటికి సొంత కుర్చీలు, వాటి మీద తెల్లటి గుడ్డలు, వెనక ముడేసే బొందెలు. అత్తమ్మ కుర్చీలు గోదాములో దుమ్ము పట్టాయి. బతిమాలి ఒక హాలుకు పంపితే వాటికీ గుడ్డలు తొడిగారు. పటేల్ ఆయాసపడుతూ వచ్చాడు. "అక్కా, మా అవ్వకు ముసుగేసిన్రు!"

ఆ వారం అత్తమ్మ హాలుకు పోయి ఒక పెండ్లి మొత్తం కూర్చుని చూసింది. చివర్లో మేనేజర్‌ను పట్టుకుంది.

"భోజనాల కాడ గుడ్డలెందుకేస్తలేవు?"

"చారు ఒలుకుతది గదమ్మా."

"అయితే ఆడ నావేస్కో."

తిరిగి వస్తూ నాతో అంది, "స్టేజీ కాడ మనిషి పెండ్లిపిల్లను చూస్తడే కోడలా. బంతిల కూసున్నంకనే ముందటోని ఈపు చూస్తడు."

ప్రయోగశాల నుంచి ఏడాదికోసారి ఉత్తరం వచ్చేది. నేనే చదివి తెలుగులో చెప్పాలి. ఒక ఏడు ఏదో ప్రయోగం ఫలించలేదని రాశారు. చదవడానికి నోరు రాక నసిగాను. "చెప్పు, ఫికరెందుకు? చెడింది, అంతే గద? ఇగ ఆ తొవ్వల ఎవడు పోడు. మన పైసలతోని ఒక తప్పు తొవ్వ మూసిన్రు," అంది. కంపెనీలో నేర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నబోయాయి.

రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మారిన నన్ను చూసి, "కుర్చీలన్న తిరిగి తిరిగి ఒక కాడికొస్తయే, నువ్వు రావు," అనేది. ఉద్యోగి ఎంత విరాళమిస్తే మా కంపెనీ అంత కలుపుతుందని ఒకసారి మాటల్లో చెప్పాను. "ఇన్ని దినాలు నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?" అని తిట్టి, ఆ నెలే నా చేత ఆఫీసులో అందరికీ చెప్పించింది. పుట్టినరోజుకు కేకు బదులు ఇచ్చినవాళ్లున్నారు, పోయిన నాన్న పేరున నెలనెలా ఇస్తున్నవాళ్లున్నారు. మీరూ ఏదో ఒక తోవన ఇవ్వవచ్చు. కుర్చీయే కానక్కరలేదు.

ఆమెకున్న ఫికరల్లా ఒక్కటే. "నేను పోయినంక ఇవి మూలకు పడితే ఆ పేర్లన్ని ఇంకోపారి చస్తయే."

ఆమె పోయిన వారమే ఆదివారం ఒక పెండ్లికి కుర్చీలు పోవాలి. "చావింటి నుంచి పెండ్లికి కుర్చీలెట్ల పోతయ్?" అని బాపు తల పట్టుకున్నాడు. వద్దని చెబితే ఆ హాలు వేరేచోట తెచ్చుకుంటుంది. ఒకసారి తప్పిన గిరాకీ మళ్లీ రాదని నాకు తెలుసు. బుధవారం నేనే పెండ్లిపిల్ల తండ్రికి ఫోన్ చేసి, సంగతి చెప్పి, మీ ఇష్టం అన్నాను.

ఆయన, "మైల మీకు గని కుర్చీలకెక్కడిది బిడ్డా? పంపున్రి. మా అన్న పేరుది ముందటి వరసల ఎయ్యమను," అన్నాడు.

శనివారం టెంట్ హౌస్ పెద్దపనివాడు యాదన్నతో కలిసి కుర్చీలు తుడిచి బండికెక్కించాను. కిరాయి చీటీ మీద అత్తమ్మ సంతకం పెట్టే చోట నా సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది. "అలవాటైతది తియ్యి," అన్నాడు యాదన్న.

పెండ్లినాడు లోపలికి పోలేదు. భోజనాల షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండో బంతి నడుస్తోంది. మొయినాబాద్ బస్టాండు దగ్గర కూరగాయలమ్మే అవ్వ, పెనిమిటి పేరున కుర్చీ ఇచ్చినామె, వరసల మధ్య ఒక్కో వీపూ చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఆ కుర్చీలో ఎవరో పిల్లగాడు కూర్చుని తింటున్నాడు. చోటు కోసం నిలబడిందనుకుని గబగబా అన్నం కలపసాగాడు.

"అయిపోయిందవ్వా, రెండే నిమిషాలు."

"నాకేం తొందర లేదు బిడ్డా. నిమ్మళంగ తిను. పెరుగేస్కో," అంది అవ్వ. కుర్చీ మీద చెయ్యి వేసి, అతను తినడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.