ఆలికల్లలో నిలిచిన పాలు

నేను మాస్తి పక్క పల్లెకు కాపురానికి వెళ్ళిన మొదటి వేసవిలో, మామిడి ఇంకో పది రోజుల్లో కోతకు వస్తుందనగా వడగళ్ల వాన పడింది. అక్కడ వడగళ్లను ఆలికల్లు అంటారు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పెంకుల మీద మొదలైన చప్పుడు పావుగంటలో ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే తోటంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో పచ్చికాయలు పరుచుకుని ఉన్నాయి.

మామగారు బతికి లేరు. మా ఆయన మాలూరులో బడి పంతులు, శనివారం గానీ రారు. వ్యవసాయమంతా మా అత్తదే. ఆమె తోటలోకి నడిచి ఒక కాయ ఎత్తి, తిప్పి చూసి, మళ్ళీ నేల మీదే పెట్టేసింది. ఆమెను ఎలా ఓదార్చాలో నాకు తెలియలేదు. వచ్చి రెండు నెలలే అయింది.

అంతలో ఎదురింటి పెద్దాయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు.

"రోడ్డుకు అడ్డంగా చింతమాను పడిండాదమ్మా. పాల వ్యాను ఈ పూట రాదు. రేపు పొద్దున్నే కొట్టి తీస్తారంట."

ఊళ్ళో పాలన్నీ సాయంత్రం మా పంచలోనే క్యాన్లకెత్తేవాళ్ళు. డెయిరీవాళ్ళు పచ్చిపాలే తీసుకుంటారు, కాచినవి తీసుకోరు. వాన పడినా ఉక్క తగ్గలేదు. ఆ ఉక్కలో పచ్చిపాలు తెల్లారేదాకా నిలవవు.

"ఇంగేముంది, తోడేసేద్దాం. కాయా పాయె, పాలూ పాయె" అంది అత్త.

నాకు ఊరిగాంలో మా అమ్మ గుర్తొచ్చింది. నాన్న గనుల ఆఫీసులో గుమస్తా. ఎండాకాలం చుట్టాలొస్తే బజారు నుంచి సైకిల్ మీద ఐసు గడ్డ తెచ్చేవాడు. అమ్మ దాన్ని చెక్కపెట్టెలో రంపపు పొట్టు మధ్య దాచి, పాలు, వెన్న అందులో పెట్టేది. మరుసటి రోజుకు కూడా అరచేతిలో పట్టేంత ముక్క మిగిలేది.

"అత్తా, ఈ ఆలికల్లు ఎత్తి క్యాన్ల చుట్టూ పోస్తే పాలు నిలుస్తాయి. మా అమ్మ ఐసుతో అట్లనే చేస్తుంది" అన్నాను.

"కరిగిపోతాయి కదమ్మా."

"కరుగుతాయి. మెల్లగా కరిగేటట్టు చూద్దాం."

"వాటిని యాడ పోద్దామంటావు?" అంది అత్త.

పశువుల కొట్టంలో నీళ్ళ కోసం పెద్ద రాతి తొట్టి ఉండేది. అడుగు చిల్లిలో కుక్కిన గుడ్డ తీసేస్తే కరిగిన నీళ్ళు పోతాయి. తొట్టి చూపించాను. అత్త వీధిలోకి వెళ్ళి నలుగురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. చేటలు, గంపలు తీసుకుని అందరం చెట్ల కిందికి పోయాం. ఆకులు ఏరి పారేస్తూ గుప్పిళ్ళతో ఎత్తాం. వేళ్ళు కొంకర్లు పోతుంటే చీర కొంగుల్లో రుద్దుకున్నాం. తన తోటలో కాయ రాలిపోయిందని కాసేపటి క్రితం కళ్ళు తుడుచుకుంటున్న పక్కింటామె ఒక ఆలికల్లు నోట్లో వేసుకుని నవ్వింది. ఆమెను చూసి అందరం నవ్వాం.

మిల్లు నుంచి తెచ్చిన ఊక తొట్టిలో పరిచాం. సాయంత్రం పాలు పితికాక ఐదు క్యాన్లు దించి, చుట్టూ ఆలికల్లు కూరి, మళ్ళీ ఊక పోసి, గోనె సంచులు కప్పి, పైన రాగి గడ్డి వేశాం. ఒకామె చన్నీళ్ళు కూడా పోద్దామంది. వద్దు, నీళ్ళు తగిలితే తొందరగా కరిగిపోతాయన్నాను. ఆ మాట అంత గట్టిగా ఎలా అన్నానో నాకే ఆశ్చర్యం.

తెల్లవారుతూనే లేచి గోనెలు ఎత్తి చూశాను. ఆలికల్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టాయి. సగానికి పైగా కరిగిపోయినా, చేత్తో తాకితే క్యాను జిల్లుమంది.

వ్యాను ఎనిమిదింటికి వచ్చింది. పాలు పరీక్ష చేసే ఆయన నిన్నటి పాలంటే ముఖం చిట్లించాడు. అయినా ఒక్కో క్యాను నుంచి గరిటెడు తీసి స్టవ్ మీద కాచాడు. మొదటిది విరగలేదు. రెండోది, మూడోది, నాలుగోది కూడా విరగలేదు. ఐదోది పలుకులు పలుకులుగా విరిగిపోయింది. తొట్టి అంచున పెట్టిన క్యాను అది. అక్కడికి వచ్చేసరికి ఊక చాలలేదు, నేను చూసుకోలేదు. నా ముఖం వాడిపోయింది.

"నాలుగు తీసుకుంటాను. ఎట్ల నిలిపినారమ్మా?" అని అడిగాడాయన.

"నన్నడిగితే ఏం తెలుసప్పా. మా కోడలిని అడుగు" అంది అత్త.

విరిగిన పాలను ఆమె గుడ్డలో వడగట్టి బెల్లం కలిపింది. దెబ్బ తిన్న కాయలు కుళ్ళేలోపు కోసి, ఉప్పేసి ఎండబెట్టాలని ఆ రోజు వీధి వీధంతా కత్తిపీటల ముందు కూర్చుంది. అత్త అందరికీ ఆకుల్లో ఆ తీపి పంచిపెట్టింది. నాకు రెండుసార్లు పెట్టింది.

తర్వాత కొన్నేళ్ళకు ఊళ్ళో ఆడవాళ్ళ పాల సంఘం పెట్టినప్పుడు, కోలారులో పాలు పరీక్ష చేసే పని నేర్చుకుని రావడానికి ఎవరిని పంపాలన్న మాట వచ్చింది. అత్త నా పేరు చెప్పింది.

"పాలు పరీక్ష చేసేది నాకేం తెలుసు అత్తా?"

"తెలిసినోళ్ళే ఉంటే నేర్పేదెందుకు? సోమవారం పొద్దున బస్సుకు పో. పిల్లోళ్ళను నేను చూసుకుంటా."

సోమవారం పొద్దున బస్సెక్కాను.