మా సర్వరును లోకానికి వదిలేసిన సంగతి

మొన్న మా భిలాయి పక్కనున్న దుర్గ్ స్టేషన్లో విజయనగరం వెళ్లే బండి కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న కాలేజీ అమ్మాయి తన ఫోన్లో ఏదో పేజీ తెరుచుకోవడం కాస్త ఆలస్యమైందని ఎంత విసుక్కుందంటే, ఇంకొంచెం ఆగితే ఆ ఫోన్ని పట్టాల మీదికి విసిరేస్తుందేమోనని నేను నా సంచీ ఇవతలికి లాక్కున్నాను. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక పేజీ తెరవమని కంప్యూటరుకు చెప్పి, లేచి వెళ్లి టీ తెచ్చుకుని, పక్క సీటావిడ కొడుకు పెళ్లి సంబంధం ఎందాకా వచ్చిందో కనుక్కుని తిరిగొచ్చేసరికి బొమ్మ నడుము దాకా దిగి ఉండేది. మిగతా సగం దిగేలోపు ఆ సంబంధం తప్పిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ అమ్మాయికి ఇదంతా చెబుదామనుకున్నాను గాని, అడగని వాళ్లకు చెప్పే కబుర్లు చెవికెక్కవని ఊరుకుని, మీకు చెబుతున్నాను.

మా నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఉక్కు కర్మాగారంలో పనికని భిలాయి వచ్చాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే, పెళ్లయి కాపురం పెట్టింది ఈ ఊళ్లోనే కోహ్కాలో. ఉద్యోగం మాత్రం కర్మాగారంలో కాదు, అలాంటి వాటికి విడిభాగాలు చేసి పంపే ఒక ప్రైవేటు కంపెనీలో, కంప్యూటర్ల విభాగంలో. మా విభాగమంటే ముగ్గురం. మా అందరికీ పెద్ద, గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, ఆఫీసంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేది. రెండో ఆవిడ ఛత్తీస్‌గఢ్ మనిషి, నాకన్నా కొన్నేళ్లు పెద్ద, ఆవిడ అందరికీ దీదీ. మూడోదాన్ని నేను.

కంపెనీ మొత్తానికి అప్పుడు ఒకే ఒక సన్నటి ఇంటర్నెట్ లైను. హెడ్డాఫీసు నుంచి రావలసిన డ్రాయింగులూ, నోటీసులూ, అందరూ చూసుకునే పేజీలూ అన్నీ ఆ దారినే రావాలి. ఒకే డ్రాయింగును నలుగురు అడిగితే అది నాలుగుసార్లు ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ బాధ పడలేక మేం ముగ్గురం కూర్చుని ఒక సర్వరు రాశాం. మా భాషలో దాన్ని క్యాషింగ్ ప్రాక్సీ అంటారు. చేసే పని సులువే, ఒకరు అడిగింది తెచ్చి ఇచ్చి, దాని నకలు తన దగ్గర ఉంచుకుంటుంది. రెండోవాళ్లు అదే అడిగితే మళ్లీ బయటికి పోకుండా ఆ నకలు ఇస్తుంది. షిఫ్టు నుంచి నాన్న ఎప్పుడొస్తాడో తెలియక మా అమ్మ కంచం మీద మూతపెట్టి ఉంచినట్టే. కాకపోతే మూత కింద ఉన్నది ఎప్పటిదాకా బాగుంటుందో, ఎప్పుడు పాసిపోతుందో తెలిసుండాలి, మొత్తం తెలివంతా అక్కడే. డ్రాయింగును ఒక రోజంతా ఉంచుకోవచ్చు, విశాఖ వెళ్లే బండి ఎక్కడుందో చెప్పే పేజీని కాసేపు కూడా ఉంచకూడదు. ఎండాకాలం సెలవుల్లో మా ఆఫీసులో తెలుగువాళ్లంతా చూసేది ఆ పేజీనే మరి.

సర్వరు బాగా కుదిరింది. మరీ బాగా కుదిరింది, నా కష్టం అక్కడే మొదలైంది. లైను లావైనా, కంపెనీ పెరిగినా, వర్క్‌షాపుల్లో ప్రతి డ్రాయింగూ దాని చేతుల మీదుగానే వెళ్లేది. బాబాయి రిటైరయ్యాడు. కొన్నాళ్లకు దీదీ కూడా రిటైరై ఇక్కడే సుపేలా బజారు వెనకాల కొడుకు దగ్గర ఉండసాగింది. ఇక దాని గుట్టు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పబోతే, ఇది నేర్చుకుంటే బయట ఎవరు ఉద్యోగమిస్తారు ఆంటీ అనేవారు, అందులో అబద్ధమేమీ లేదు. ఇంట్లో పసిబిడ్డ ఉన్నదాన్లా ఎక్కడికి వెళ్లినా ఒక చెవి వెనక్కి పెట్టుకునే ఉండేదాన్ని. చెల్లెలి కూతురి పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళ నేను విడిదింటి వంటపాక వెనక నిలబడి ఫోన్లో ఎవరికో ఏ మీట నొక్కాలో చెబుతున్నాను.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టింది మా అక్క కంటి ఆపరేషను. అక్క విజయనగరంలో ఉంటుంది, నన్ను తల్లిలా పెంచింది. దగ్గరుండి చూసుకుంటానని మాటిచ్చాను. తీరా ఆ వారమే సర్వరు మొరాయించింది, మా సారు సెలవు ఇవ్వలేనన్నాడు. ఆయనది రాయ్‌పూర్, చెడ్డవాడు కాదు, వర్క్‌షాపులు ఆగిపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు. అక్కతో ఫోన్లో చెబితే ఆవిడ నవ్వేసింది. "నీ మిషిని కాడే ఉండవే. నాకేటవుతాది, కళ్లకి గుడ్డ కట్టుకుని పడుకోడమే గదా" అంది. తిట్టినా బాగుండేది.

రిటైర్మెంటు దగ్గర పడుతున్నకొద్దీ నాకు దిగులు ఎక్కువైంది. నేను వెళ్లిపోతే దీన్ని చూసేవాళ్లు లేరు గనుక, కాంట్రాక్టు మీద ఇంకా కొన్నేళ్లు ఉండమంటారని ఆఫీసులో అప్పుడే అనుకుంటున్నారు. ఉండనని చెప్పే ధైర్యం నాకు లేదు. ముగ్గురం కలిసి పెంచినదాన్ని ఆకలితో వదిలి వెళ్లగలనా. ఒకరోజు ఇంట్లో ఈ గొడవంతా వెళ్లబోసుకుంటుంటే మా అమ్మాయి, కంప్యూటర్ల ఉద్యోగమే చేస్తుంది, తెలుగు కన్నా హిందీయే చురుగ్గా వస్తుంది దానికి, చపాతీలు ఒత్తుతూ "ఓపెన్ సోర్స్ కర్ దో నా అమ్మా. సబ్‌కో దే దో, వాళ్లే చూసుకుంటారు" అంది. అంటే మనం రాసిన ప్రోగ్రామును అక్షరం దాచకుండా లోకం ముందు పెట్టేయడం. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. దిద్దినవాళ్లకు దాని గుట్టు తెలుస్తుంది, అప్పుడు నేనొక్కదాన్నే దిక్కు కానక్కరలేదు.

మా సారుకు ఈ మాట నచ్చింది. హెడ్డాఫీసుకు నచ్చలేదు. ఇన్నేళ్ల కష్టాన్ని ఊరికే ఇవ్వడమేమిటన్నారు, పోటీ కంపెనీలు ఎత్తుకుపోతాయన్నారు, ఏదైనా తేడా వస్తే మన పేరు పోతుందన్నారు. మా సారు వాళ్లతో ఎంతో వాదించి చివరికి ఒక షరతు మీద ఒప్పించాడు. కంపెనీ పేరుకు మచ్చ తెచ్చే ఫిర్యాదు ఒక్కటి వచ్చినా వెంటనే వెనక్కి తీసేసుకోవాలి, అప్పుడు నేను రిటైరయ్యాక కూడా ఉండి దాన్ని చూసుకోవాలి. సరేనన్నాను. అనక ఏం చేస్తాను.

వదిలే ముందు ఇంటి గుట్టు బయట పడకుండా ప్రోగ్రాము మొత్తం వడపోయాలి కదా, అందుకు దీదీని బతిమాలితే మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేది. నేను ఒక్కొక్క వాక్యం పైకి చదవడం, ఆవిడ కళ్లు మూసుకుని వినడం, మా ఊసు ఏదైనా వినబడితే "యే భీ నికాలో" అనడం, అంటే ఇదీ పీకెయ్యమని. ఎన్ని వచ్చాయో. ఎప్పుడో ఉన్న పెద్ద సారు కూతురి పన్నెండో తరగతి ఫలితాల కోసం పెట్టిన నియమం ఒకటి అలాగే ఉండిపోయింది, ఆ పిల్లకు ఇప్పుడు పిల్లలు. బాబాయి తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన హెచ్చరికలు అక్కడక్కడా తగిలేవి, ఇక్కడ జాగ్రత్త తల్లీ అని. వాటిని తీసేస్తుంటే మాత్రం ఇద్దరికీ చెయ్యి ఆడలేదు. అంతా శుభ్రం చేశామన్న నమ్మకంతో ఒకరోజు వదిలేశాం.

కొన్నాళ్లు ఎవరూ పలకలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొండల్లో సన్నటి లైనుతో అవస్థ పడే ఒక బడి, ఎక్కడో దీవిలో ఉన్న ఒక ఆసుపత్రి, చలిదేశంలో ఒక చిన్న కాలేజీ. బాగుంది, పనికొస్తోంది అని రాసేవారు. నేను మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నాను. ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది.

భిలాయిలో బతికిన వాళ్లకు ఆ రోజు సంగతి చెప్పనక్కరలేదు. ఏటా సెప్టెంబరులో ఇంచుమించు ఒకే తారీఖున వస్తుంది. యంత్రాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూలు వేసి, ఆ రోజుకు వాటిని ముట్టుకోరు. సుత్తికి కూడా సెలవే. నేను పట్టుచీర కట్టుకుని వర్క్‌షాపులో కొబ్బరికాయలు అందిస్తుండగా ఫోను మోగింది. తెరిచి చూస్తే ఆ చలిదేశపు కాలేజీ నుంచి ఫిర్యాదు. పొద్దుటి నుంచి మీ సర్వరు మాకు నిన్నటి పేజీలే చూపిస్తోంది, పరీక్ష గది మారిందని పెట్టిన నోటీసు కనపడక పిల్లలు వేరే గదికి పోయారు, ఏమిటిది అని. దాని కిందే ఆసుపత్రి వాళ్లు, మాకూ అంతేనని. ఇంకెవరో ఒక అడుగు ముందుకేసి, ఇది ఎవరో కావాలని లోపల పెట్టిన దొంగ పనేమో, అందరూ తీసేయండి అని రాశారు.

చూడగానే నాకు అర్థమైపోయింది. సర్వరు పెట్టిన మొదటి ఏడు పూజ రోజున వర్క్‌షాపు పెద్దలు పట్టుబట్టారు, అన్ని యంత్రాలూ విశ్రాంతిగా ఉంటే ఇదొక్కటే ఎలా తిరుగుతుందని. ఆపేస్తే అత్యవసరంగా ఒక డ్రాయింగు కావలసి వచ్చినా దొరకదు. అప్పుడు బాబాయి, ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, ఒక ఉపాయం చేశాడు. ఆ ఒక్క రోజూ సర్వరు బయటికి వెళ్లి కొత్తవి తేదు, ఇంట్లో ఉన్నదే పెడుతుంది. ఎందుకండీ ఇదంతా అని నేనడిగితే "నాకు ఆదివారం ఉందమ్మా. దీనికీ ఒక రోజు ఉండనీ" అన్నాడు. పూజనాడు మాలో ఎవరూ కంప్యూటరు ముట్టరు గనుక ఇన్నేళ్లలో అది ఎవరికీ తెలియలేదు. మరి మేమిద్దరం వడపోసినప్పుడు చూడలేదా అంటే, చూశాం. ఆ వాక్యం చదివినప్పుడు దీదీ చెయ్యి గుండెకు తాకించి దణ్ణం కూడా పెట్టుకుంది. తీసేయమనాలని ఆవిడకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ రోజు యంత్రం పని చేయకపోవడంలో వింతేముంది మాకు.

పక్కకు వెళ్లి బాబాయికి ఫోను చేశాను. సంగతంతా విని ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. హెడ్డాఫీసు వెనక్కి తీసేసుకుంటుంది బాబాయ్, నా పని అయిపోయింది అని నేను ఏడుపు గొంతుతో అంటే, "కంగారు పడకమ్మా. ఉన్నది ఉన్నట్టు రాసెయ్. మనమేం దొంగతనం చేశామా, పూజ చేశాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని, పూలూ అగరొత్తుల మధ్య ఒక బల్ల మీద కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. మాది ఉక్కు చేసే ఊరు, ఇవాళ మా యంత్రాలకు పూజ, వాటిని పని చేయించం, ఆ నియమం తీయడం మరిచిపోయాం, మన్నించండి అని. రాసి, మా సారుకు చూపించాను. చదువుతుంటే ఆయన ముఖం వాడింది.

ప్రసాదం పంచే వేళకు జవాబులు రావడం మొదలైంది. తిడతారని కళ్లు సగం మూసుకునే చదివాను. ఆ దీవి ఆసుపత్రి ఆయన, మా దగ్గర కూడా ఏడాదికి ఒకరోజు పడవలు నీటిలో దించం, ఆ రోజు ఈ సర్వరుకు కూడా సెలవు ఇవ్వొచ్చా అని అడిగాడు. దొంగ పనేమో అన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ కాలేజీలో పనిచేసే ఎవరో, భిలాయి పేరు అంతకుముందు విని కూడా ఉండని మనిషి, నేనడగకుండానే తప్పు దిద్దేసి పంపించారు. నియమాన్ని పీకి పారేయలేదు. ఎవరికి కావలసిన రోజును వాళ్లు పెట్టుకునేలా, ఎవరూ పెట్టకపోతే ఏ రోజూ లేనట్టుగా మార్చారు. నేను దాన్ని వాక్యం వాక్యం చదివాను, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మా ముగ్గురి చేతులు తప్ప ఇంకొకరి చెయ్యి దాని మీద పడడం అదే మొదటిసారి, అయినా అది నిక్షేపంగా ఉంది. అన్నేళ్లుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది, పట్టుచీర కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాను.

మా సారు బూందీ నములుతూ నా భుజం మీదుగా అంతా చదివి, హెడ్డాఫీసుకు ఆయనే రాశాడు. ఫిర్యాదు వచ్చింది, వచ్చిన రోజే పోయింది, బయటివాళ్లే దిద్దారు అని. వాళ్లు ఇంకేమీ అడగలేదు. నాతో మాత్రం "అబ్ ఆప్ ఆరామ్ సే జాయియే" అన్నాడు, ఇక నిశ్చింతగా వెళ్లమని. కాంట్రాక్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, రోజు నిండగానే రిటైరయ్యాను.

మరుసటి పూజ నాటికి నేను విజయనగరంలో అక్క దగ్గర ఉన్నాను. పొద్దుటి నుంచి నాకు ఎవరూ ఫోను చేయలేదు. మధ్యాహ్నం అక్కా నేనూ మునగాకు దూస్తూ కూర్చున్నాం. చెయ్యి ఊరుకోక ఫోన్లో మా సర్వరు పేజీ తెరిస్తే, కొత్తవాళ్లెవరో ఒక సందేహం అడిగి ఉన్నారు, నాకు బాగా తెలిసిన సంగతే. గబగబా జవాబు రాయబోతుండగానే ఇంకెవరో రాసేశారు, నేను రాయబోయిన దానికన్నా విడమరిచి. నేను రాసింది చెరిపేశాను. "ఏటే, ఎల్లిపోవాలా ఏటి" అంది అక్క, నా మొహం చూసి. అక్కరలేదన్నాను.

మన కాలంలో ఒక పని మన చేతిలో ఉందంటే అది మనం లేకపోతే ఆగిపోవాలి, అదే మన విలువ అనుకుని బతికాం. మా నాన్న అలాగే బతికాడు, బాబాయీ అలాగే, నేనూ అంతే. ఇప్పుడు పనులు ఎవరి కోసమూ ఆగడం లేదు. ఆ మాట తలుచుకుంటే ఏ మూలో కాస్త గుబులుగా ఉంటుంది, కాదనను. కాని ఆ మధ్యాహ్నం అన్నం తిని అక్క పక్కన చాప మీద వాలినప్పుడు, ఫోను ఏ గదిలో పెట్టానో కూడా గుర్తులేకుండా సాయంత్రం దాకా నిద్రపోయాను.