దొరసాని గడ్డలు

ఊరి బావులన్నీ ఉప్పునీళ్ళే. అందుకని మగ్దలీనమ్మ పొద్దున్నే ఇసుకలో చెలమ తోడి, మంచినీళ్ళ కడవ చంకనెత్తుకుని వస్తుంది. అందులో మొదటి చెంబు పెరట్లో తడిగోనె కప్పిన మట్టికి. ఆమె వంటచేసిన మిషను బంగళా దొరసాని పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో సీమకు వెళ్ళిపోతూ ఇచ్చిన గడ్డలు అక్కడే పాతింది. అవి సీమలో పాము ఒంటి మీది పొడల్లాంటి మచ్చలున్న పూలు పూస్తాయట, తలలు వంచుకుని. ఎండలు ముదిరి ఊట తగ్గితే తాను ఉప్పునీళ్ళు తాగుతుంది గానీ ఆ చెంబు మానదు. ఒకనాడు పక్కింటి ఆదిశేషమ్మ ఉండబట్టలేక గోనె తీసి పుల్లతో కెలికింది. ఒట్టి మట్టి.

"ఏంది మగ్దలీనా, గడ్డలు ఎప్పుడో కుళ్ళిపోయినాయే!"

"తెలుసక్కా," అంటూ మగ్దలీనమ్మ గోనె సర్ది చెంబు వంచింది. "నీళ్ళు పోస్తానని దొరసానికి నేను మాటిచ్చినా. పూస్తాయని ఆమె నాకు మాటియ్యలేదు గదా."