ఎవెలియో మీసం తీసిన రోజులు

ఎనిమిదో వీధి చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, ముందుగా ఎవెలియో క్విన్యోనెస్ పైపెదవిని పరిశీలించాలి. రాజుల కాలాన్ని శాసనాలను బట్టి తేలుస్తారు. మా కాలాన్ని ఎవెలియో మీసాన్ని బట్టి తేల్చవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన పదకొండు సార్లు మీసం తీయించుకున్నాడు. పదకొండు సార్లూ కారణం ఒక్కటే. హవానాలో అతను చచ్చిపోయాడని కబురొచ్చింది. పదకొండు సార్లూ అతను చావలేదు. మీసం మాత్రం మళ్లీ మొలిచింది, ప్రతిసారీ ఇంకాస్త తెల్లగా.

మయామీలో ఉన్న క్యూబావాళ్లం, మా దేశం గద్దెక్కి మమ్మల్ని ఇక్కడికి తరిమిన అతని పేరు ఎత్తం. చుబుకం కింద గడ్డం ఉన్నట్టు చేత్తో నిమిరి చూపిస్తాం. నోరు పాడుచేసుకోవడం ఎందుకని. మీ అమ్మాయి ఎప్పుడు పుట్టిందంటే, "ఎవెలియో నాలుగోసారి మీసం తీసిన వారం" అని చెప్పే తల్లులు మా వీధిలో ఉన్నారు.

ఈ మీసం వెనక ఉన్నది జెనైదా. 1978లో ఆవిడకు సొంత కుట్టుదుకాణం ఉండేది, ఇప్పటికీ ఉంది. పెళ్లిగౌన్లు కుడుతుంది. భర్త పోయి అప్పటికి ఆరేళ్లు. ఎవెలియో ఏసీ మెకానిక్. దుకాణంలో ఏసీ ఆగిపోతే వచ్చి బాగుచేశాడు. ఆ తరవాత ఏ జబ్బూ లేని ఆ ఏసీని చూడడానికి మరో నాలుగుసార్లు వచ్చాడు. అయిదోసారి పెళ్లి మాట ఎత్తాడు.

"మనం ఇక్కడుంటున్నది తాత్కాలికంగా," అంది జెనైదా, సూది నోట్లోంచి తీసి. "ఇవాళో రేపో వెళ్లిపోయే చోట ఎవరైనా పెళ్లి చేసుకుంటారా? ముందు అతను చావనీ. ఆ మర్నాడే మా ఊరు సియెన్‌ఫ్యూగోస్ వెళ్లి మా చర్చిలో చేసుకుందాం. అన్నట్టు, ఆ మీసంతో మాత్రం ఫొటోలో నా పక్కన నిలబడకు."

ఎవెలియో ఆలోచించాడు. హవానాలో అతను మహా అయితే ఇంకెన్నాళ్లుంటాడు? ఏడాది. గట్టివాడైతే రెండేళ్లు. సరేనన్నాడు.

ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. వీధి వీధంతా అదే నమ్మకం మీద నడుస్తోంది. ఏటా క్రిస్మస్ ముందురోజు గ్లాసులెత్తి, "వచ్చే ఏడు హవానాలో" అనుకుంటాం. సోఫాల మీద ప్లాస్టిక్ తొడుగులు తీయం. క్షౌరశాల నార్సిసో అయితే 1966లో బోర్డు రాయించినప్పుడు, దుకాణం పేరు కింద "తాత్కాలిక చిరునామా" అని వేయించాడు. ఆ అక్షరాలకు ఇప్పటికి మూడుసార్లు రంగు వేయించాడు.

అలా ఎవెలియో ఒక ఇంట్లో, జెనైదా రెండు వీధుల అవతల మరో ఇంట్లో ఉండిపోయారు. రోజూ సాయంత్రం ఆయన వచ్చి నల్లచిక్కుళ్లూ అన్నమూ తినేవాడు. ఎనిమిదిన్నరకు ఆవిడ ఆయన టోపీ చేతికిచ్చేది. ఆవిడ బీరువాలో తన పెళ్లికని కుట్టుకున్న మీగడరంగు గౌను ఒకటి ఉంది. కబురొచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని తొడుక్కుని చూసుకునేది. మొదట్లో రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసింది. ఆ తరవాత బిగిస్తూ వచ్చింది.

2007 ఆగస్టులో ఓ మంగళవారం ఉదయం ఎవెలియో ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మీసం కింద ఓ పుట్టుమచ్చ ఉంది. డాక్టరు దాన్ని కోసి పరీక్షకు పంపాలన్నాడు. నర్సు మీసం గీసేసింది. మత్తు సూది పొడిచారు. మూడు కుట్లు వేసి పైన పట్టీ అంటించారు. పదింటికి బయటపడేసరికి ఆయన పెదవి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. తల దిమ్ముగా ఉంది. ఆ స్థితిలో క్యూబావాడు వెళ్లేది ఒక్కచోటికే. వీధిలోకి తెరిచి కాఫీ అమ్మే కిటికీ దగ్గరికి వెళ్లాడు.

కిటికీలో కాఫీ పోసే మిగ్దాలియా పంచదారను కాఫీ చుక్కలతో గిలకొట్టి నురుగు తీస్తోంది. తలెత్తింది. చెంచా ఆగిపోయింది.

"బాబాయ్! మీసం!"

ఎవెలియో జవాబు చెప్పబోయాడు. పెదవి కదల్లేదు. ఏదో మూలుగు వచ్చింది. పట్టీ మందు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏడవకు బాబాయ్! నిజంగానా? ఈసారి నిజంగానా?" అంటూ మిగ్దాలియా గడ్డం ఉన్నట్టు తన చుబుకం నిమిరి, బొటనవేలు కిందికి దించింది.

ఎవెలియో తల అడ్డంగా ఊపాడు. "నమ్మలేకపోతున్నాడు పాపం," అంది ఆవిడ వెనకున్నవాళ్లతో. "చూడండి, తొందరలో ఇంట్లోనే గీసుకుని పెదవి కోసుకున్నాడు. చేతులు వణకవూ మరి! ఇవాళ కాఫీ అందరికీ ఊరికే!"

పాలగిన్నె మీద చెంచాతో మొదటి దెబ్బ వేసింది కూడా ఆవిడే. కోపమొచ్చినా సంతోషమొచ్చినా మావాళ్ల చేతికి ముందు అందేది గిన్నె. పావుగంటలో మేడల మీంచి మూకుళ్లూ మూతలూ మోగాయి. కార్లు హారన్లు కొట్టాయి. జెండాలు బయటికొచ్చాయి. పోలీసులు వచ్చి వీధికి అటూ ఇటూ అడ్డాలు పెట్టారు.

నార్సిసో చేతిలో కత్తితో పరిగెత్తుకొచ్చాడు. సగం ముఖానికి సబ్బునురుగుతో ఒక పెద్దమనిషి అతని వెనకే వచ్చాడు.

"ఒరేయ్ ద్రోహీ! అతను ఉత్తుత్తిగా చచ్చిన పదకొండుసార్లూ నేను కావలసివచ్చాను. నిజంగా చచ్చేసరికి ఎవడి దగ్గరికి పోయావురా?" ఎవెలియో చుబుకం పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. "ఎవడు వాడు? చేతికి గొడ్డలి ఇచ్చారా? పనివాడేనా అసలు?"

"అన్నా, నా సంగతి?" అన్నాడు నురుగు పెద్దమనిషి.

"నువ్వాగవయ్యా. అవతల చరిత్ర జరుగుతోంది."

పదకొండింటికి టీవీవాళ్ల బండి వచ్చింది. మైకు పట్టుకున్న అమ్మాయి, ఈ కబురు ఎక్కణ్ణించి వచ్చిందని మిగ్దాలియాను అడిగింది.

"కబురేమిటమ్మా, కళ్లతో చూశాం," అని మిగ్దాలియా ఎవెలియో పెదవిని చూపించింది. కెమెరా దగ్గరికి జరిగింది. ఆ విధంగా ఒక వృద్ధుడి పైపెదవిని నగరమంతా నిమిషంసేపు చూసింది. టీవీవాళ్లు వీధినడిగారు. వీధి టీవీ వంక చూసింది. ఇద్దరికీ చాలినంత రుజువు దొరికింది.

అంతమందిలో అసలు కబురే లేదని తెలిసినవాడు ఒక్కడే. ఆయన కాళ్లు ఒకచోట నిలవలేదు. కిటికీ దాకా వెళ్లాడు, మూల దాకా వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. ఎవరెవరో కౌగిలించుకున్నారు. చేతిలో కాఫీ చల్లారిపోయింది. జెనైదాకు ఈ పాటికి తెలిసే ఉంటుంది. బీరువా తీసే ఉంటుంది. చెప్పాలి. చెప్తే ఆ గౌను మళ్లీ లోపలికి పోతుంది. చెప్పకపోతే? టీవీ ఖండించేదాకా ఒక పూటైనా ఆవిడ తనకు కాబోయే పెళ్లాం. ఆయన మంచివాడే గాని, మత్తు పదకొండున్నరకే వదిలిందనీ, పన్నెండింటిదాకా ఆయన నోరు విప్పలేదనీ ఇక్కడ రాయక తప్పదు.

పన్నెండింటికి జనం రెండుగా విడిపోయి దారిచ్చారు. మీగడరంగు గౌనులో జెనైదా వస్తోంది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. అంచుకు గుండుసూదులు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. ఎదురుగా వచ్చి నిలబడి పెదవి వంక చూసింది.

"అతను చావలేదు, జెనైదా," అన్నాడు ఎవెలియో. "చచ్చాడని ఎవరూ చెప్పలేదు. మీసం నేను తీయించుకోలేదు. నర్సు తీసింది."

"నర్సా!" అన్నాడు నార్సిసో, గుండె మీద చెయ్యి వేసుకుని. "ముందే చెప్పొద్దూ!"

"ఏ నర్సు?" అంది జెనైదా.

ఎవెలియో అంతా చెప్పాడు. పుట్టుమచ్చ, కోత, కుట్లు. పరీక్ష ఫలితం పదిరోజులకు వస్తుంది. దగ్గరున్న గిన్నెలు ముందు ఆగాయి. తరవాత వాటి వెనకవి. చివరికి ఎక్కడో మూలమలుపులో ఒక్క మూత మోగి, అదీ ఆగింది.

"ఆ మచ్చ ఎన్నాళ్లుగా ఉంది?"

"పోయినేడు మీసం తీసినప్పుడు నార్సిసో చూశాడు."

"వెంటనే చూపించుకోరా అని చెప్పాను," అన్నాడు నార్సిసో. "అతను పోయాక చూపించుకుంటాన్లే అన్నాడు."

"అతను పోయాకా?" జెనైదా గొంతు పెరిగింది. "నీ మూతి మీది మచ్చకు కూడా అతని అనుమతి కావాలా?"

ఎవెలియో కాఫీ కప్పు కిటికీ మీద పెట్టాడు.

జెనైదా మెడలోంచి టేపు తీసి, చుట్ట చుట్టి, మిగ్దాలియా చేతిలో పెట్టింది. "కారెక్కడ పెట్టావు?"

"డాక్టరు దగ్గరే ఉంది. ఎక్కడికి?"

"కోర్టుకి. పెళ్లి లైసెన్సు తీసుకోవాలి."

"మరి మీ చర్చి?"

"దానికి నూటయాభై ఏళ్లు. ఇంకొంచెం ఆగుతుంది."

"అతను ఇంకా చావలేదు కదా, జెనైదా."

"అతన్ని పిలవడం లేదు."

ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని గిన్నెలు మళ్లీ మోగాయి. నార్సిసో తన కారు తెచ్చాడు. నురుగు పెద్దమనిషి ముందు సీట్లో కూర్చున్నాడు, సాక్షిగా పనికొస్తానని. పోలీసు అడ్డం తీసి, విషయం కనుక్కుని, సెల్యూట్ కొట్టాడు. వెనక ఇరవై కార్లు హారన్లు కొడుతూ వచ్చాయి. వెనకసీట్లో జెనైదా గుండుసూదులు ఒక్కొక్కటే తీసి ఎవెలియో టోపీలో వేసింది. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. కోర్టు మెట్లు ఆ వయసుకు తగని వేగంతో ఎక్కాడు.

కౌంటర్ వెనకున్న అమ్మాయి కాగితాలు చూసింది. ఇద్దరి చేతా ప్రమాణం చేయించింది. లైసెన్సు మీద ముద్ర వేసింది.

"ఇప్పుడే, ఇక్కడే చేసేస్తారు కదూ?" అన్నాడు ఎవెలియో.

ఆ అమ్మాయి గోడ మీది కాగితాన్ని చూపించింది. ఫ్లోరిడాలో ఉండేవాళ్లు లైసెన్సు తీసుకున్నాక పెళ్లికి మూడు రోజులు ఆగాలి.