మొండయ్య స్క్రూల ఊరగాయ

మా మొండయ్య ఉప్పునీళ్లలో నానబెట్టనిదే ఏ వస్తువునూ నమ్మడు. తాళం కొంటే నానబెడతాడు. చెంచా కొంటే నానబెడతాడు. వాళ్లావిడ సీతాబాయి ముచ్చటపడి ఊరి నుంచి వెండి మొలతాడు పంపిస్తే, దాన్ని కూడా రెండు రోజులు నానబెట్టి, ఫోన్ చేసి "మంచిదే, తుప్పు పట్టలే" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ తర్వాత ఆవిడ వారం రోజులు ఫోన్ ఎత్తలేదట.

అతణ్ణి పూర్తిగా తప్పుపట్టలేం. జెద్దాలో ఇనుము బతకడం కష్టం. ఎర్రసముద్రం మీది గాలి ఉప్పునూ చెమ్మనూ మోసుకొచ్చి, కొత్త తలుపు గడియను ఆరు నెలల్లో పొరలు పొరలుగా రాల్చేస్తుంది. మొండయ్యది జగిత్యాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా మా మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. నేను అదే కంపెనీలో కొనుగోళ్ల గుమాస్తాను. పేరు ఓబదయ్య, ఊరు నరసాపురం. ఏ వస్తువైనా అతను ఎంచాలి, నేను సంతకం పెట్టాలి. ఆ విధంగా నా ఆయుష్షులో కొంత అతని సీసాల్లో కరిగిపోయింది.

అసలు కథ గేటు దగ్గరి ఫ్యానుది. మా యార్డు గేటు పక్కన రేకుల షెడ్డు ఒకటుంది. నాలుగు వైపులా గోడల్లేవు. అందులో కుర్చీ వేసుకుని కూర్చునే వాచ్‌మన్ పీర్ సాహెబ్. రాయచోటి మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. నిరుటి ఎండాకాలం షెడ్డులోని ఫ్యాను తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఆ ఉక్కకు ఆయన కుర్చీలోనే సొమ్మసిల్లాడు. మా మేనేజరును ఇక్కడందరూ ముదీర్ అంటారు. ఆయన ఒక్కటే మాట అన్నాడు. "ఇంకోసారి పడిపోతే ఇకామా రెన్యువల్ లేదు, ఎగ్జిట్ కొట్టేస్తాను." ఇకామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డు, ఎగ్జిట్ కొడితే ఇంటికే. ఆ రెన్యువల్ సెప్టెంబరులో ఉంది. పీర్ సాహెబ్ చిన్నకూతురు నర్సింగు చదువు పూర్తవడానికి ఇంకా ఏడాది ఉంది. అందుకని ఏప్రిల్‌లోనే కొత్త ఫ్యానుకు మంజూరు తెచ్చి, "వెళ్లి మంచిది చూడవయ్యా" అని మొండయ్యను బజారుకు పంపాను. అదే నేను చేసిన పొరపాటు.

మొండయ్య దుకాణంలోకి వెళ్లి ధర అడగడు.

"భాయ్, ఏక్ స్క్రూ దేదో."

"పంఖా నహీ చాహియే?" అని పాకిస్తానీ సేటు.

"పంఖా బాద్ మే."

ప్రతి రకం ఫ్యాను నుంచి ఒక స్క్రూ తెచ్చాడు. మూడోసారి అతను వీధి మలుపులో కనబడగానే ఒక సేటు సగం షట్టరు దించాడని ప్రత్యక్షసాక్షులు చెప్పారు. తెచ్చిన స్క్రూలన్నీ ఉప్పునీళ్లు పోసిన ఊరగాయ సీసాల్లోకి చేరాయి. మొత్తం పదకొండు. కిటికీ గట్టు మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ నంబరు అంటించాడు.

"మొండయ్యా, వీటిలో మాగాయ ఏది?" అని అడిగాను.

"నవ్వుండ్రి సార్. మూడోది ఎర్రబడ్డది. నాలుగోది రేపో మాపో."

"మే నెల వచ్చేసింది. మోటారు సీలు చేసి ఉంది, రెక్కలు ప్లాస్టిక్కు, బయట వాడుకోవచ్చని అట్టపెట్టె మీదే రాసి ఉంది కదయ్యా."

"రాసినోడు ఏసీల కూసోని రాసిండు సార్."

"పోనీ ఆ చెక్క రెక్కలది తీసుకో. చూడ్డానికి బాగుంది."

"గీ ఉక్కకు రెండు నెలలల్ల ఉబ్బి, మ్యాక చెవుల లెక్క ఏలాడ్తది. ఇంక ఇరవై ఒక్క దినాలు ఓపిక పట్టుండ్రి."

ఆ ఇరవై ఒక్క దినాలు జూలై దాకా సాగాయి. కంపెనీ మనుషులుండే క్యాంపులో మొండయ్యను తిట్టనివాడు లేడు. నేనైతే ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా అతణ్ణే తిట్టేవాణ్ణి.

ఒక శుక్రవారం మొండయ్య వాళ్ల గదిలో నన్ను భోజనానికి పిలిచారు. వంట అదే గదిలో ఉండే హన్మాండ్లుది. చారు కలుపుకుని రెండో ముద్ద పెట్టుకున్నాను. పంటి కింద టక్‌మంది. తీసి చూస్తే స్క్రూ.

హన్మాండ్లు తల గోక్కున్నాడు. "ఉప్పు అయిపోయింది సార్. గట్టు మీద ఉప్పునీళ్లు కనవడితె పోసిన."

మొండయ్య ఆ స్క్రూను నా చేతిలోంచి లాక్కుని, లుంగీతో తుడిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"ఎంతసేపు ఉడికిందిరా?"

"ముప్పావు గంట."

"చింతపండుల?"

"చింతపండులనే."

"మచ్చ పడలే," అన్నాడు మొండయ్య. గట్టు మీది ఖాళీ సీసా నంబరు చూశాడు. "ఏడో నంబరు సార్. గిదే మన ఫ్యాను."

"నా పన్ను సంగతేమిటయ్యా?"

"పన్నుకేం కాదు. స్క్రూ సూడుండ్రి."

మర్నాడే ఏడో నంబరు ఫ్యానుకు ఆర్డరు పెట్టి, ఆ మాట పీర్ సాహెబ్‌కు చెబుదామని మధ్యాహ్నం ఒంటిగంటకు గేటు దగ్గరికి వెళ్లాను. ఆ నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని సర్కారు నియమం కాబట్టి మనుషులందరూ ఏసీ గదుల్లో పడుకుంటారు. గేటుకు మాత్రం విశ్రాంతి లేదు. కుర్చీలో పీర్ సాహెబ్ లేడు. తడిసి ముద్దయిన బనీనుతో మొండయ్య కూర్చుని ఉన్నాడు. పక్కనే ఏసీ ఉన్న స్టోరు గదిలో, అట్టల మీద, పీర్ సాహెబ్ హాయిగా గురక పెడుతున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"మే నెల సంది. అంతకుముందు గింత ఉక్క లేదు గద సార్."

"ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తె ముసలాయన డ్యూటీల లేడని పేరొస్తది."

మా మాటలకు పీర్ సాహెబ్ లేచి వచ్చాడు. "నేను వద్దంటానే ఉండా సామీ. ఈయప్ప తలుపేసి పండుకోబెడతాండాడు."

"మరి ఆ ఫ్యానేదో ముందే తెచ్చేస్తే ఇద్దరికీ బాధ తప్పేది కదయ్యా," అన్నాను.

మొండయ్య మొహం తుడుచుకున్నాడు. "ఆగమాగం తెస్తె మల్ల వచ్చే ఏడు ఆగిపోతది సార్. ఎంచుడు నాది. ఎంచేదాక ఉక్క గూడ నాదే ఉండాలె గద."

నాకు నిజంగా సిగ్గేసింది. నిదానంగా ఎంచేవాళ్లను చాలామందిని చూశాను. ఎంచినంతకాలం వాళ్లు నీడలో ఉంటారు, ఎండలో ఇంకొకరుంటారు.

వారం తిరక్కుండా ఫ్యాను బిగించాడు. అదే రోజు మధ్యాహ్నం ముదీర్ కారులో నేనూ బయటి నుంచి వస్తున్నాను. దూరం నుంచే షెడ్డులో నేల మీద ఒక మనిషి పడి ఉండటం కనిపించింది.

"చూశావా, మళ్లీ పడిపోయాడు," అన్నాడు ముదీర్.

కారు గేటు చేరేలోపే పీర్ సాహెబ్ చకచకా నడిచి వచ్చాడు. టోపీ సరిగ్గా ఉంది, చొక్కా పొడిగా ఉంది. కిటికీ దగ్గర వంగి, పెదవుల మీద వేలు పెట్టాడు.

"సార్, హారన్ నో. ఆద్మీ సోయా హై."

ముదీర్ దిగి షెడ్డులోకి వెళ్లాడు. ఫ్యాను కింద చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు. నేల మీద మొండయ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"పీర్ సాహెబ్ ఇకామా రెన్యువల్ కాగితాలు రేపు నా టేబుల్ మీద పెట్టు," అని మెల్లగా నాతో అన్నాడు ముదీర్.

మూడింటికి పని మొదలైంది. మొండయ్యను ఎవరమూ లేపలేదు, బళ్లన్నీ వెనక గేటుకు మళ్లించాం. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ముదీర్ కారు కూడా వెనక గేటు నుంచే వెళ్లింది.